ఎనిమిది ఎక్కడిది?

హైదరాబాదులో కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి నాలుగు సందుల అవతల ఒక మేడ మీద రేకుల గది ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఆ గదిలో ఒక చాప, ఒక పొట్టి బల్ల, బల్ల చుట్టూ ఐదుగురు. ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్, 2014 ఎడిషన్. బల్ల మీద బోర్డు లేదు, బొమ్మలు లేవు. పెన్సిళ్లు, కాగితాలు, ఇరవై ముఖాల డైస్ రెండు, ఉస్మానియా బిస్కెట్ల ప్యాకెట్ ఒకటి. కథ నడిపేది ఒక అక్క. బడిలో సోషల్ చెబుతుంది. మిగతా నలుగురూ ఆ కథలో తలా ఒక మనిషి వేషం కడతారు. ఏం చేయబోతున్నారో నోటితో చెబుతారు. అది జరుగుతుందో లేదో అనుమానం వచ్చినప్పుడు డైస్ వేస్తారు.

అక్క తన కథను ఏ పరాయి రాజ్యంలోనో పెట్టలేదు. ఆ గుడి స్థలపురాణం చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. కాకతీయ రెండో ప్రోలరాజు వేటకొచ్చి, అలసి చెట్టు కింద కూర్చుంటే రామనామం వినిపించిందనీ, వెతికితే హనుమంతుడి విగ్రహం దొరికిందనీ, 1143లో గుడి కట్టించాడనీ చెప్పుకుంటారు. అక్క ఆ కాలాన్నే పట్టుకుంది. అనుమకొండలో ప్రోలరాజు, ఇక్కడంతా అడవి, అడవి అంచున ఒక ఊరు, ఊరికో చెరువు. ఒక దొర తన మనుషుల్ని కాపలా పెట్టి చెరువు తూము మూయించాడు. కట్ట కింద నారు ఎండిపోతోంది. తూము తెరిపించాలి.

నలుగురిలో ఒకడు ఇంజినీరింగ్ రెండో ఏడు చదివే కుర్రాడు. ఇంటర్ రెండేళ్లూ దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి చదివాడు. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలో 160 ప్రశ్నలు, 3 గంటలు, తప్పు రాసినా మార్కు పోదు. ఏ చాప్టర్‌కు ఎంత వెయిటేజీ ఉందో చూసుకుని, లేనిదాన్ని వదిలేసి చదవడం ఆ రెండేళ్లలో వాడి ఒంటికి పట్టింది. రూల్‌బుక్‌ను కూడా అదే చూపుతో చదివాడు. బలం, చురుకు, ఒంటి గట్టిదనం, తెలివి, వివేకం, కరిజ్మా అని మనిషికి ఆరు గుణాలు. అన్నీ 8 దగ్గర మొదలవుతాయి. పంచుకోవడానికి 27 పాయింట్లు ఇస్తారు. ఒక గుణాన్ని 8 నుంచి 15కు తేవాలంటే 9 పాయింట్లు పోతాయి. కుర్రాడు ముందు మూడింటినీ 15కు తెచ్చాడు. తొమ్మిది మూళ్లు ఇరవై ఏడు. తెలివి, వివేకం, కరిజ్మా మూడూ 8 దగ్గరే ఉండిపోయాయి. మనుషుల్ని ఆకట్టుకునే గుణానికి వాడి లెక్కలో వెయిటేజీ లేదు.

పాత్ర వివరాలు రాసుకున్న వాడి షీటు చూడముచ్చటగా ఉండేది. ఇంట్లోనే లెక్కంతా తేల్చుకుని వచ్చాడు కాబట్టి ఎక్కడా రబ్బరు పెట్టి చెరిపిన గుర్తు లేదు. పెద్ద కత్తి తిప్పేవాడికి ఆ ఆటలో ఒక నైపుణ్యం దొరుకుతుంది: గురిలో ఐదు తగ్గించుకుంటే, తగిలిన దెబ్బకు పది కలుస్తుంది. ఎదుటివాడి కవచాన్ని బట్టి ఎప్పుడు తగ్గించుకోవాలో, ఎప్పుడు కూడదో నోటిలెక్కతో చెప్పేవాడు. అయితే షీటు కుడివైపు పైన నాలుగు గళ్లు ఉంటాయి: మనిషి తీరు, నమ్మే విలువ, తెంచుకోలేని బంధం, లోపం. ఆ నాలుగూ ఖాళీ. పేరు రాయాల్సిన చోట ‘ఫైటర్ 1’ అని ఉంది.

వాడికి ఎదురుగా కూర్చునేది చంపాపేట అమ్మాయి. కాలేజీ నాటకాల్లో వేసిన పిల్ల. ఆమె పాత్ర నల్లమల నుంచి వచ్చిన వేటగత్తె. తండ్రిని పులి ఎత్తుకుపోయింది, అన్న మోసం చేశాడు, చీకట్లో ఆకు కదిలిన చప్పుడు విని బాణం వేయగలదు. ఇదంతా రెండు పేజీలు రాసుకొచ్చింది. పాయింట్లు పంచేటప్పుడు మాత్రం అన్నింటికీ సమానంగా ఇచ్చేసింది: మూడు పదమూళ్లు, మూడు పన్నెండ్లు. చురుకుకు దక్కింది 12. అంటే ఏ మామూలు కాపలావాడికైనా ఉండేంత గురి. రెండు బాణాలేస్తే ఒకటి గాలికి పోయేది. బాణం తప్పిన ప్రతిసారీ ఆమె తన గతం గురించి ఒక మాట చెప్పేది. ఆ మాట బాగుండేది. బల్ల చుట్టూ అందరూ వినేవారు.

మూడోవాడు సాగర్ రోడ్డు మీద మెడికల్ షాపులో పనిచేసే అన్న. ఆయన పాత్ర కట్లు కట్టే వైద్యుడు. నాలుగోవాడు అక్క తమ్ముడు, తొమ్మిదో తరగతి. వాడి పాత్ర దొంగ.

మొదటి ఆదివారం కట్ట మీద కాపలా ఉన్నవాళ్లను ఫైటర్ 1 మూడు రౌండ్లలో మట్టి కరిపించాడు. అన్న ఆడే వైద్యుడు దెబ్బతిని పడిపోబోతుంటే అడ్డంగా నిలబడి కాపాడిందీ వాడే. తమ్ముడు చప్పట్లు కొట్టాడు. దొర మనుషులు పోగా తూము దగ్గర ఒక్క ముసలి నీరటి మిగిలాడు. ఏ మడికి ఎంత నీళ్లు వదలాలో, తూముకు దించిన రాతి పలకను ఎటు నుంచి ఎత్తాలో ఊళ్లో తెలిసినవాడు ఆయనొక్కడే. కత్తి మీది నెత్తురు చూశాడు. అక్క గొంతు మార్చి అడిగింది:

“ఎవరి పిల్లగానివి బిడ్డా? ఏ ఊరు మీది?”

కుర్రాడు షీటు వంక చూశాడు. అటూ ఇటూ తిప్పాడు. జవాబు ఎక్కడా లేదు.

“ఐ పర్సువేడ్ హిమ్. రోల్ చేస్తా అక్కా.”

“చెయ్యి.”

పదమూడు పడింది. కరిజ్మా 8 ఉన్నవాడికి ప్రతి ప్రయత్నంలోనూ ఒకటి తీసేయాలి. పన్నెండు. కావాల్సింది పదిహేను. నీరటి తల తిప్పుకున్నాడు.

“మళ్లీ చేస్తా.”

“ఆయన అడిగినదానికి జవాబు చెప్పకుండా ఎన్నిసార్లు చేస్తవ్ రా?”

ఆ రాత్రి, కథలో అందరూ నిద్రపోయాక, వేటగత్తె ఒక్కతే తూము దగ్గరికి పోతానంది. అన్న వద్దన్నాడు. “నా పాత్ర అలాంటిది అన్నా, అది ఎవరి మాటా వినదు” అంది చంపాపేట అమ్మాయి. గొడ్డలితో రాతి పలకను పగలగొట్టింది. చెరువు నీళ్లు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. ఎండుతున్న నారు ఈసారి కొట్టుకుపోయింది. కాలువ పక్క గుడిసెల్లో గాయపడ్డవాళ్లకు కట్లు కడుతున్న వైద్యుడు, ఒక పసిబిడ్డను ఒడ్డుకు విసిరి తాను నీళ్లలో పడ్డాడు. ప్రాణం పోయే మనిషి డైస్ వేసి పదో ఆ పైనో తెచ్చుకోవాలి. మూడుసార్లు తప్పితే చచ్చిపోయినట్టే. అన్న వేశాడు. ఏడు. నాలుగు. తొమ్మిది.

షాపులో డ్యూటీ మార్పించుకుని మరీ వచ్చే మనిషి. “ఏం గాదులే అమ్మా, ఆటనే గదా” అని షీటును నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత కాసేపు ఎవరూ బిస్కెట్ల జోలికి పోలేదు.

మెట్లు దిగుతున్న కుర్రాణ్ని అక్క ఆపింది.

“ఈ ఎనిమిది ఎక్కడిది రా?”

“పాయింట్లు మిగల్లే అక్కా.”

“అది నీ కారణం. వానికేం కారణం? వాడు మాట్లాడబోతే జనం ఎందుకు మొహం తిప్పుకుంటరు? వాడు పుట్టిన కాడ ఏమైంది?”

వారం గడిచింది. కుర్రాడు అదే షీటు తెచ్చాడు. ఒక్క అంకె కూడా మార్చలేదు. ఫైటర్ 1 కొట్టేసి ఎల్లడు అని రాశాడు. నాలుగు గళ్లనూ చిన్న అక్షరాలతో నింపాడు: రాళ్లు కొట్టే ఇంట్లో పుట్టాడు. బండ మీద సమ్మెట మోతలో ఎవరి మాటా ఎవరికీ వినిపించదు కాబట్టి ఆ ఇంట్లో చేతులతోనే చెప్పుకునేవారు. పదేళ్లు వచ్చేదాకా ఇంటి బయటి మనిషితో మాట్లాడలేదు. నోరు తెరిస్తే గొంతు పెద్దదైపోతుంది, కోపంగా ఉన్నాడనుకుని జనం జడుస్తారు. రాయిని చూస్తే మాత్రం దాని పొర ఎటుందో చెబుతాడు.

ఆట మొదలైంది. నీరటి తెగిన తూము దగ్గరే కూర్చుని ఉన్నాడు. డైస్ తీస్తాడని అందరూ చూశారు. కుర్రాడు తీయలేదు.

“ఎల్లడు ఏం మాట్లాడడు అక్కా. నీళ్లలకు దిగుతడు. పగిలిన పలక ముక్కలు ఏరుతడు. పెద్ద ముక్కను ఎత్తి గట్టు మీద పెడతడు. పొర చూసి పక్క ముక్కను దానికి ఆనిస్తడు. పొద్దుగూకేదాకా అదే పని.”

రాయి ఎత్తడానికి బలం చాలుతుందా అని అక్క అడగాల్సిన పని లేకపోయింది, పదిహేను ఉంది. ముసలాయన చూస్తూ కూర్చున్నాడు. చీకటి పడుతుంటే లేచి వచ్చాడు.

“గా రాయి గట్ల గాదు. ఎడమకు తిప్పు. ఎవరి పిల్లగానివి?”

“రాళ్లు కొట్టేటోళ్లం తాతా.”

చంపాపేట అమ్మాయి తన షీటును కుర్రాడి ముందుకు తోసింది. “నా బాణం ఎందుకు తగుల్తలేదో చూడు.” వాడు చూశాడు. చురుకుకు 15 ఇచ్చి, ఆ పాయింట్లు ఎక్కడి నుంచి తెస్తావో నువ్వే చెప్పు అన్నాడు. ఆమె చాలాసేపు ఆలోచించి వివేకంలో నుంచి తగ్గించింది. వద్దన్న మాట వినకుండా రాత్రిపూట పోయిన మనిషికి అది తగిన శిక్షే అంది. వైద్యుడు బతికించిన పసిబిడ్డకు మేనమామగా అన్న కొత్త పాత్రతో వచ్చాడు.

నీతి: షీటు మీద ఉన్న ప్రతి అంకెకూ ఆ పాత్ర బతుకులో ఒక కారణం ఉండాలి, ఆ పాత్ర గురించి చెప్పుకునే ప్రతి గొప్పకూ షీటు మీద ఒక అంకె సాక్ష్యం ఉండాలి.

ఈ నీతిలో రెండో సగాన్ని జనం తరచుగా వదిలేస్తారు. బిల్డ్ లెక్కలు, అంటే పాయింట్ల పంపకం లెక్కలు, వేసేవాడు రసం తెలియనివాడు, కథ చెప్పేవాడు కళాకారుడు అని ఈ ఆటలో పాతకాలం నుంచీ ఒక తీర్పు నడుస్తోంది. ఆ తీర్పు నాకు సమ్మతం కాదు. లెక్క బాగా వేసిన కుర్రాడే మొదటి ఆదివారం వైద్యుణ్ని బతికించాడు. బల్ల దగ్గర ఒకడు సమర్థుడైతే మిగిలినవాళ్లు నిశ్చింతగా తమ కథ చెప్పుకోగలరు. అది తోటివాళ్లకు చేసే మేలు. అందమైన గతం రాసుకొచ్చిన అమ్మాయే ఆ వైద్యుణ్ని చంపింది. ‘నా పాత్ర అలాంటిది’ అనే మాట కథకు తాళంచెవిలా పనికొస్తుంది, పక్కవాడి కథకు గడియ పెట్టడానికి కూడా పనికొస్తుంది. ఆ పాత్రను అలా తయారు చేసింది మనమే కాబట్టి, అది చేసిన పనికి జవాబుదారీ కూడా మనదే.

ఈ ఆట పుట్టుకలోనే రెండు పాయలున్నాయి. 1969లో అమెరికాలోని మినియాపొలిస్ ప్రాంతంలో డేవిడ్ వెస్లీ అనే ఆయన బ్రౌన్‌స్టైన్ అనే యుద్ధక్రీడ నడిపాడు. అందరికీ సైన్యాన్ని ఇచ్చే అలవాటు మాని, ఆటలోని పట్టణంలో చాలామందికి ఒక్కో మనిషి పాత్ర ఇచ్చాడు. ఆటగాళ్లు యుద్ధం సంగతి మరిచి, మూలల్లో చేరి తమలో తాము మంతనాలాడుకోవడం మొదలుపెట్టారు. ఆట చెడిపోయిందని ఆయన అనుకున్నాడు. వాళ్లు మళ్లీ ఎప్పుడని అడిగారు. ఆ బృందంలోని డేవ్ ఆర్న్‌సన్ దాన్ని ముందుకు తీసుకుపోయాడు. మరోవైపు గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి 1971లో చైన్‌మెయిల్ అనే యుద్ధ నియమాల పుస్తకం తెచ్చారు. అదంతా దెబ్బలు, కవచాలు, పట్టికలు. గైగాక్స్, ఆర్న్‌సన్ కలిసి రూపొందించగా 1974లో అచ్చయిందే డంజన్స్ అండ్ డ్రాగన్స్. పట్టికలు ఒకరివి, వేషం ఇంకొకరిది అని విడదీసి చూసేవాళ్లకు ఆ పుస్తకంలో సగమే కనిపిస్తుంది.

మన రంగస్థలం ఈ గొడవ అంతకు ముందే పడింది. పద్యనాటకం వెలిగిన రోజుల్లో రాగం తీయగల గొంతే నటుడి బలం. పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ కొట్టేవారు. నటుడు సన్నివేశం మధ్యలో ఆగి మళ్లీ పాడేవాడు. యుద్ధం ఆగిపోయేది, ఏడుపు ఆగిపోయేది, రాగం సాగేది. బళ్లారి రాఘవ దీనికి అడ్డం తిరిగాడు. వృత్తికి వకీలు, రాగాన్ని తగ్గించి భావాన్ని పట్టుకున్న నటుడు. అంతమాత్రాన గొంతు ఉన్నవాడు నటుడు కాడని ఎవరూ తేల్చలేదు. స్థానం నరసింహారావు సత్యభామ వేషంలో పాటా పాడాడు, ఆ పాటను సత్యభామే పాడుతున్నట్టు నిలబెట్టాడు కూడా. రాగం ఆ పాత్రకు చెందినప్పుడు ఎవరికీ ఎక్కువనిపించలేదు.

కర్మన్‌ఘాట్‌లోనే ఇంతకన్నా పెద్ద ఉదాహరణ కొలువై ఉంది. హనుమంతుణ్ని ఆరు గుణాల్లో కొలిస్తే ఏది తక్కువ పెట్టగలం? బలం, చురుకు, తెలివి, మాట నేర్పు, అన్నీ శిఖరమే. లెక్కప్రకారం అంతకన్నా గట్టి బిల్డ్ లేదు. అయినా ఆయన కథ విసుగు పుట్టించదు. ఎవరో గుర్తుచేస్తే తప్ప తన బలం తనకు గుర్తురాని శాపం ఆయనకుంది. సముద్రం ముందు జాంబవంతుడు చెప్పేదాకా కూర్చునే ఉంటాడు. లంకలో సీతను చూశాక ఆయన చేసిన మొదటి పని ఆలోచించడం. పండితుడిలా సంస్కృతంలో పలకరిస్తే రావణుడనుకుని ఈమె భయపడుతుందేమో, మామూలు మనుషులు మాట్లాడే మాటలోనే పలకరిద్దాం అనుకుంటాడు. వాల్మీకి సుందరకాండలో ఆ ఆలోచనకు చోటిచ్చాడు. లంకను కాల్చగల బలమున్నవాడు, భయపడ్డ ఒక స్త్రీ ముందు ఏ భాషలో నోరు తెరవాలో తేల్చుకోవడానికి ఆగాడు. బలం ఎంత పెరిగినా పాత్ర తగ్గనక్కరలేదనడానికి నాకు ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

నియమాలు రాసేవాళ్లు కూడా ఈ ముడి విప్పాలని చూశారు. 1986లో వచ్చిన గర్ప్స్ అనే ఆటలో లోపం తీసుకున్నవాడికి అదనంగా పాయింట్లిస్తారు. కుంటికాలు, పిరికితనం, చేసిన ప్రమాణం, ఒక్కోదానికి ఒక్కో విలువ. ఆలోచన మంచిదే, కానీ లెక్కగాళ్లు కథలో ఎప్పటికీ ఎదురుపడని లోపాలు వెతుక్కుని పాయింట్లు పట్టుకుపోవడం మొదలుపెట్టారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 ఎడిషన్ ఆ నాలుగు గళ్లు పెట్టి, వాటికి తగ్గట్టు ఆడినవాడికి ఇన్‌స్పిరేషన్ అనే చిన్న బహుమానం ఇమ్మంది: ఒకసారి రెండు డైస్ వేసి పెద్దది ఉంచుకోవచ్చు. చాలా బల్లల దగ్గర దాన్ని ఇవ్వడం మరిచిపోతారు. బహుమానం పెట్టి మనిషిని పుట్టించలేం. అక్క అడిగినట్టు ఎవరో ఒకరు అడగాలి.

కాబట్టి సగం బాధ్యత కథ నడిపేవాళ్లది. వారం వారం చంపడానికి గుంపుల్ని తెచ్చి ముందు పెడుతూ, ఆటగాళ్లు చంపడానికే పాత్రలు తయారు చేసుకున్నారని నిందించడం అన్యాయం. కుర్రాడి షీటులో 8 ఉందని అక్కకు మొదటి రోజే తెలుసు. ఆ 8 ఎదురుపడే చోటుకు వాణ్ని నడిపించింది. కత్తికి లొంగనివాణ్ని, కానీ పనికి లొంగేవాణ్ని అక్కడ కూర్చోబెట్టింది. కరిజ్మా లేనివాడికి మనసు గెలిచే ఇంకో దారి లేకుండా ఆ సన్నివేశం రాసి ఉంటే, కుర్రాడు ఇంటికి పోయి అంకెలు మార్చుకొచ్చేవాడు, అందులో వాడి తప్పేమీ ఉండేది కాదు.

తెలుగులో ఆడేవాళ్లకు ఇక్కడ ఒక సదుపాయం ఉంది. హైదరాబాదులో ఈ ఆట ఆడే పిల్లలు చాలావరకు ఇంగ్లీషులో ఆడతారు. పుస్తకాలు, షీట్లు ఇంగ్లీషువే. ఐ పర్సువేడ్ హిమ్ అనేస్తే అవతల ఉన్నది ముసలాయనో, రాజో, దొంగో తేడా తెలియదు. తెలుగులో ఆ మాట అనాలంటే ముందు తాతా అనాలా, పెద్దాయనా అనాలా, నువ్వా, మీరా అన్నది తేల్చుకోవాలి. అది తేల్చుకునేసరికి తాను ఆయనకు ఏమవుతాడో ఆటగాడికి తెలిసిపోతుంది. ఎల్లడు నోట వచ్చిన ఆ ఒక్క ‘తాతా’ కోసం కుర్రాడు వారమంతా పనిచేశాడు. కొత్తగా బల్ల వేసుకునేవాళ్లు, ఊరివాళ్లతో మాట్లాడే సన్నివేశాలన్నా తెలుగులో ఆడి చూడాలని నా కోరిక. డైస్ లెక్కలు ఏ భాషలో ఉన్నా ఫరవాలేదు.